నాలుగు ఫోన్లు, పదిహేడు మెట్లు

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నది అయిదుగురు. కిటికీ పక్కన మంచం మీద అమ్మమ్మ, పొయ్యి దగ్గర పెద్దమ్మ, అద్దం ముందు సగం గడ్డం గీసుకున్న పెదనాన్న, తల దువ్వుకుంటూ అక్క, పేపరు వేసే మనిషి అప్పుడే వచ్చి వెళ్లాడు కనక ఇంకా తలుపు వెనకే ఉన్న పిట్ట. కింద కొట్లోని దర్జీ బాబాయిని కూడా కలిపితే ఆరుగురు. ఆయన ఉండేది కిందే అయినా, మేడ మీద ఎవరు ఏం మాట్లాడుకున్నా మిషన్ ఆపి మరీ జవాబిస్తాడు కనక కలపడమే న్యాయం.

పిట్ట అన్నది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. పల్లెటూరి బడిలో చదువు ముగించుకొని, పట్నంలో ఏదైనా పని చూసుకుందామని పెద్దమ్మ ఇంటికి వచ్చి అప్పటికి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో గుమ్మంలో కొత్త మనిషి కనబడినప్పుడల్లా రివ్వున తలుపు వెనక్కి వెళ్లిపోవడం చూసి పెదనాన్న పెట్టిన పేరది. నోట్లోంచి మాట రావడం గగనమే గానీ, రోజూ సాయంత్రం మెట్ల మీద కూర్చొని డైరీలో మాత్రం పేజీలకు పేజీలు నింపేది.

ఆ రోజు పేపర్లో మూడో పేజీ అడుగున ఒక ప్రకటన ఉంది. పార్సిల్ ఆఫీసులో, చేరని పార్సిళ్ల విభాగానికి ఇద్దరు సహాయకులు కావాలి. స్వదస్తూరీతో రాసిన బయోడేటా పంపాలి. పై భాగంలో పేరు, చిరునామా, ఫోన్ ఉంటే ఆ నంబరు స్పష్టంగా ఉండాలి. ఒక్క పేజీ మించకూడదు. నచ్చినవాళ్లకు వచ్చే శనివారం పది, పన్నెండు గంటల మధ్య కబురు చేస్తారు.

పిట్టకు ఆ విభాగం తెలుసు. దారి తప్పిన పార్సిలొకటి తెచ్చుకోవడానికి ఒకసారి పెద్దమ్మ వెంట వెళ్లింది. సగం తెరిచిన తలుపులోంచి లోపలి గది కనిపించింది. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా చిరునామాలు చెరిగిపోయిన పొట్లాలు, బల్ల మీద పచ్చ గాజు దీపం. దీపం కింద ఒక అమ్మాయి భూతద్దంతో ఒక చీటీ చదువుతోంది. ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు. ఆమె కూడా ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆ రాత్రి పిట్ట డైరీలో ఆ గది గురించి ఆరు పేజీలు రాసుకుంది.

ఇది దక్కకపోతే ఏమవుతుందో కూడా పిట్టకు తెలుసు. పెదనాన్న స్నేహితుడొకాయనకు బజార్లో బట్టల కొట్టుంది. గుమ్మంలో నిలబడి దారిన పోయేవాళ్లందరినీ "రండమ్మా, కొనక్కర్లేదు, చూసి వెళ్లండి" అని పిలవడానికి ఒక అమ్మాయి కావాలట. పై సోమవారం నుంచి పిట్టను పంపిస్తానని పెదనాన్న మాటిచ్చేశాడు. ఆ గుమ్మం తలచుకుంటేనే పిట్ట కళ్లు దాక్కోవడానికి తలుపు వెతికేవి.

"పెద్దమ్మా, నేను దీనికి రాస్తాను," అంది పిట్ట, పేపరు చూపిస్తూ. ఏడు నెలల్లో తనంతట తాను ఒకటి కావాలని అడగడం అదే మొదటిసారి. అందుకే ఇల్లంతా ఒక్కసారిగా ఆ పనిమీద పడింది.

అక్క టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతుంది కనక తెల్లకాగితం తెచ్చి పిట్ట ముందు పెట్టింది. "పైన మూడే లైన్లు. పేరు, చిరునామా, ఫోన్. కింద చదువు, అనుభవం. అంతే. నేను రోజూ పదిమందికి చెబుతాను."

పిట్ట పేరు రాసింది. చిరునామా రాసింది. ఫోన్ దగ్గర కలం ఆగింది. ఆ ఇంట్లో ఫోన్ లేదు.

"ఆగావెందుకమ్మాయ్? నా నంబరు రాయి!" కింది నుంచి దర్జీ బాబాయి కేక. "పిలిచాక మెట్లెక్కాలి కదా, రెండు నిమిషాలు ఆగమని కూడా రాయి. లేకపోతే పెట్టేస్తారు."

పిట్ట రాసింది.

"ఆయన పొద్దస్తమానం టీ కోసం బయటికి పోతుంటాడు, ఆయన్ని నమ్ముకుంటే అయినట్టే," అన్నాడు పెదనాన్న సబ్బు నురగలోంచి. "డిపోలో నా గదిలో ఫోనుంది. టైంకీపర్ గది అని రాయి. బస్సు బయల్దేరే నిమిషంలో తప్ప ఎప్పుడైనా ఎత్తుతాను."

"వినబడుతోంది!" అన్నాడు కింది నుంచి బాబాయి.

"వినబడాలనే అన్నాను!"

పిట్ట అదీ రాసింది. పెద్దమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. "ఏమండీ, మీరు ఫోన్లో మాట్లాడితే బస్సుని అదిలించినట్టుంటుంది. అవతలివాళ్లు జడుసుకుంటారు. పిల్ల ఉద్యోగం, మర్యాదగా మాట్లాడేవాళ్లు ఉండాలి. ఎదురింటి టీచరమ్మ నంబరు రాయవే. నా పేరు చెబితే పిలుస్తుందని కూడా రాయి."

"అమ్మా, మరి నా ఇన్‌స్టిట్యూట్‌కి ఏమైంది?" మూడు లైన్ల సంగతి చెప్పిన అక్కే అంది. "ఆఫీసువాళ్లకి ఆఫీసు నంబరైతేనే గౌరవంగా ఉంటుంది. రాయి. పక్కన, గట్టిగా మాట్లాడవలెను, ఇక్కడ నలభై మిషన్లు కొడుతుంటాయి అని పెట్టు."

పిట్ట కాదనలేదు. ఒకరిని కాదంటే వాళ్ల మొహం చిన్నబోతుంది. అది చూడటం కన్నా ఒక లైను రాయడమే సులువు. నాలుగు నంబర్లు, వాటి పక్కన నాలుగు సూచనలు, అక్షరాలు కొంచెం కొంచెంగా చిన్నవవుతూ, కాగితం మూడోవంతు నిండింది.

అప్పటిదాకా మాట్లాడనిది అమ్మమ్మ ఒక్కతే. "ఫోన్లు పనిచెయ్యకపోతేనో?" అంది మంచం మీంచి.

అమ్మమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"మనింటి డోరు నంబరు చూసి ఇంతవరకూ ఎవడైనా ఇల్లు కనుక్కున్నాడా? నేను చెబుతాను, రాసుకో తల్లీ."

అమ్మమ్మ కళ్లు మూసుకొని చెప్పింది. పిట్ట రాసింది. బస్సు దిగి ఎడమచేతి వైపు నడవాలి. గడియారాలు బాగుచేసే కొట్టు వస్తుంది. అందులో గడియారాలన్నీ తలో టైమూ చూపిస్తాయి, వాటిని నమ్మకూడదు. అది దాటాక విరిగిన నీళ్ల పంపు. పంపు పక్క సందులోకి తిరగకూడదు, అందరూ అక్కడే తిరిగి తప్పిపోతారు. ఆ తర్వాతి సందులోకి తిరిగి, కుట్టుమిషన్ చప్పుడు వినబడే దాకా నడవాలి. చప్పుడు లేకపోతే దర్జీ టీకి వెళ్లాడని అర్థం, వచ్చేదాకా నిలబడాలి. కొట్టు పక్కనే మెట్లు, పదిహేడు. పదకొండో మెట్టు కదులుతుంది, దాటి వెయ్యాలి. నీలం తలుపు. గొళ్లెం ఊడి చేతికి వస్తుంది, కొట్టకుండా పిలవాలి.

అది పూర్తయ్యేసరికి కాగితం అడుగున వేలెడు చోటు మిగిలింది. అందులో పిట్ట 'చదువు: బడి చదువు, ఫస్టు క్లాసులో పాసు' అని చీమతలలంత అక్షరాలతో ఇరికించింది. దాని కింద 'అనుభవం:' అని రాసింది. కాగితం అయిపోయింది.

"పోన్లే," అంది అక్క, పేజీని దూరంగా పట్టుకొని చూస్తూ. "ఎలాగూ నీకు లేదుగా."

ఇప్పుడా మేడ లేదు. గడియారాల కొట్టూ, నీళ్ల పంపూ లేవు. ఆ నాలుగు నంబర్లకు ఏ ఫోనూ మోగదు. అయినా ఈ రోజుకీ పిట్టను నిద్రలో లేపి అడిగితే నాలుగూ తడుముకోకుండా చెబుతుంది. ఆమె జీవితంలో కంఠతా పట్టిన మొదటి ఫోన్ నంబర్లవి. నాలుగూ ఆమెవి కావు.

శనివారం వచ్చింది. పెదనాన్న పొద్దున్నే అందరికీ డ్యూటీ వేశాడు. ఆయన డిపోలో, అక్క ఇన్‌స్టిట్యూట్‌లో, పెద్దమ్మ టీచరమ్మ ఇంట్లో, బాబాయి కొట్లో, ఎవరి ఫోన్ దగ్గర వాళ్లుండాలి. పిట్ట మంచి బట్టలు కట్టుకొని అమ్మమ్మ దగ్గర ఉండాలి. ఎవరికి కబురొస్తే వాళ్లు పరుగున వచ్చి పిట్టను తీసుకెళ్లాలి. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. డిపోలో ముప్పై ఏళ్లుగా బస్సులు కూడా ఇలాగే నడిచాయి.

పది కొట్టింది. దర్జీ బాబాయికి ఒక అనుమానం వచ్చింది. తను మిషన్ మీద ఉన్నప్పుడు ఫోన్ మోగి, లేచి వెళ్లి ఎత్తేలోగా అవతలివాళ్లు పెట్టేస్తే? పిల్ల ఉద్యోగం తన వల్ల పోయిందన్న మాట పడాలా? అందుకని ఆయన ముందుజాగ్రత్తగా రిసీవరు ఎత్తి, గుడ్డముక్కల మీద జాగ్రత్తగా పడుకోబెట్టి, ఒక చెవి దానివైపు పెట్టి కుట్టుకోసాగాడు.

పదీ ఇరవైకి పెద్దమ్మ ఉండబట్టలేక బాబాయి కొట్టుకు ఫోన్ చేసింది. బిజీ. అయిదు నిమిషాలాగి మళ్లీ చేసింది. బిజీ. టీచరమ్మ వైపు తిరిగి, "ఇంతసేపు మాట్లాడుతున్నారంటే వచ్చినట్టే కదండీ?" అంది.

"పేరూ ఊరూ అడుగుతుండాలి," అంది టీచరమ్మ.

ఆ ముక్క చెబుదామని పెద్దమ్మ డిపోకి చేసింది. సరిగ్గా అదే నిమిషంలో పెదనాన్న ఇన్‌స్టిట్యూట్‌కి చేస్తున్నాడు. అక్కడ అక్క బాబాయి కొట్టుకు చేస్తోంది. పెద్దమ్మకు డిపో బిజీ, పెదనాన్నకు ఇన్‌స్టిట్యూట్ బిజీ, అక్కకు బాబాయి బిజీ. ముప్పావుగంట సేపు ఆ ముగ్గురూ పట్టువదలకుండా ఒకరికొకరు చేసుకుంటూనే ఉన్నారు, ఒక్కసారీ కలవలేదు. ఎవరికి వాళ్లు అవతలివాళ్ల దగ్గరికే ఫోనొచ్చిందని తీర్మానించుకున్నారు. ఆ తీర్మానం మీద పెదనాన్న పదకొండుంబావు బస్సుని నాలుగు నిమిషాల ముందే ఈల ఊది పంపేసి ఇంటిదారి పట్టాడు. ముప్పై ఏళ్లలో అదొక్కటే ముందు బయల్దేరిన బస్సు. పట్టుకోలేకపోయిన వాళ్లు ఆ తర్వాత చాలాకాలం ఆ సంగతి చెప్పుకున్నారు. అక్క నలభై మిషన్లను వదిలేసి ఇంటికేసి పరుగెత్తింది. పెద్దమ్మ వచ్చే దారిలో మిఠాయి కొంది.

మేడ మీద పిట్ట తలుపుకి చెవి ఆనించి నిలబడి ఉంది. పదకొండున్నరకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పిట్ట లెక్కపెట్టింది. తొమ్మిది, పది, కాస్త ఆగి, పన్నెండు. కొత్తవాళ్లయితే పదకొండో మెట్టు దగ్గర తప్పకుండా తూలుతారు, అయ్యో అంటారు. ఇది ఇంటి మనిషే, పెద్దమ్మే అనుకొని గబుక్కున తలుపు తీసింది.

ఎదురుగా ఎవరో కళ్లజోడు ఆవిడ. నెరిసిన జుట్టు, భుజాన సంచీ, చేతిలో మడతపెట్టిన కాగితం. పిలవడానికి నోరు తెరిచి ఉంది.

పిట్ట తలుపు వేసేసింది. ఆవిడ ముఖం మీదే. వేసి, తలుపు వెనక నుంచి సన్నగా, "ఇంట్లో ఎవరూ లేరండీ," అంది.

"మరి మాట్లాడేది ఎవరమ్మా?" అంది ఆవిడ.

"నేను కూడా లేనండీ," అంది పిట్ట.

"ఎవరే అది?" లోపలి నుంచి అమ్మమ్మ.

"ఎవరో ఆవిడ, అమ్మమ్మా."

"తూలిందా?"

"లేదు."

"అయితే మనం రమ్మన్న మనిషే. తియ్యి."

పిట్ట తీసేలోగానే మెట్ల కింద గోల మొదలైంది. పెద్దమ్మ, అక్క, పెదనాన్న మూడు వైపుల నుంచీ వచ్చి కొట్టు ముందు ఒకరినొకరు గుద్దుకున్నారు. మిఠాయి పొట్లం విప్పుతూనే పెద్దమ్మ మెట్లెక్కి, ఎదురుపడ్డ కళ్లజోడు ఆవిడ చేతిలో ఒక ముక్క పెట్టేసింది. "తీసుకోండి, మొహమాటపడకండి! మా పిల్లకి ఉద్యోగమొచ్చింది!"

"అలాగా, సంతోషం. ఎక్కడ?"

"పార్సిల్ ఆఫీసులోనండీ. చేరని పార్సిళ్ల విభాగంలో."

"ఎవరు చెప్పారు?"

"ఇదిగో, మా వారికి డిపోకి ఫోనొచ్చింది."

"నాకెక్కడొచ్చిందే? అమ్మాయికొచ్చింది, ఇన్‌స్టిట్యూట్‌కి."

"నాక్కాదు నాన్నా, బాబాయికి! గంట నుంచీ బిజీగా ఉంది కదా!"

మెడలో టేపు వేలాడుతుండగా మెట్ల మొదట్లో నిలబడ్డ బాబాయి అందరి వైపూ చూశాడు. "నా ఫోను మోగనే లేదు. మోగితే ఎత్తడం ఆలస్యమవుతుందని పదింటికే ఎత్తి పక్కన పెట్టాను."

కళ్లజోడు ఆవిడ మిఠాయి ముక్క వైపు, తర్వాత చేతిలోని కాగితం వైపు చూసింది. "ఆ విభాగం నాదే," అంది. "మీ పిల్లకి నేనింకా ఉద్యోగం ఇవ్వలేదు."

మూతపడ్డ తలుపుకి అటువైపు పిట్ట కళ్లు కూడా మూసుకుంది. బట్టల కొట్టు గుమ్మం కనబడింది. రండమ్మా, కొనక్కర్లేదు. అయిపోయింది. ఆవిడ ముఖాన తలుపు వేసింది, లేనని అబద్ధమాడింది, అది కూడా సరిగ్గా ఆడలేదు.

పెద్దమ్మ మొహం చూడలేక పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "తప్పంతా మాదేనండీ. నంబర్లు రాయమన్నది మేము. పిల్ల మమ్మల్ని కాదనలేక రాసింది. దాని మీద ఏమీ అనుకోకండి." బస్సుల్ని అదిలించే గొంతు ఇంత మెత్తగా ఉంటుందని పిట్టకు అప్పుడే తెలిసింది.

"మరి ఈ దారి చెప్పిందెవరు?"

"మా అత్తగారండీ."

"నేను ఇరవై ఏళ్లుగా చేరని చిరునామాలే చదువుతున్నాను," అంది ఆవిడ. "చిరునామా పట్టుకొని తిన్నగా గుమ్మం దాకా రాగలిగింది ఇదే మొదటిసారి. పొద్దున్నుంచి నాలుగు నంబర్లూ తిప్పి తిప్పి నా వేలు నొప్పెట్టింది. సరే, ఈ దారైనా నిజమో కాదో చూద్దామని బయల్దేరాను. గడియారాల కొట్లో మాత్రం ఒకటి సరైన టైమే చూపిస్తోంది." ఆవిడ తలుపు వైపు తిరిగి, కొట్టకుండా పిలిచింది. "అమ్మాయీ! సోమవారం తొమ్మిదింటికి వచ్చేయ్."

తలుపు సందులోంచి పిట్ట ముక్కు కనబడింది. అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కదండీ అని అడగాలని ఆమెకు ఎంతో ఉంది. అలా అడగాలంటే ముందు ఆవిడతో మాట్లాడాలి. కనక తలూపి ఊరుకుంది.

ఆవిడ దిగి వెళ్లబోతుంటే పెద్దమ్మ వెనకే వెళ్లింది. "మరి మీ నంబరు చెప్పలేదేమండీ? పిల్ల చేరిందో లేదో మాకు తెలియొద్దూ?" ఆవిడ ఏమరుపాటున చెప్పింది. పెదనాన్న, అక్క, బాబాయి, తలో కాగితం మీదా, అన్నిటికన్నా పైన, స్పష్టంగా రాసుకున్నారు.

సోమవారం పొద్దున పిట్టకు అందరూ తలో మాటా చెప్పి పంపారు. అమ్మమ్మ మాత్రం, "వెనక్కి చూడకు, పదకొండో మెట్టు చూసుకో," అంది.

ఆ గది పిట్ట డైరీలో ఉన్నట్టే ఉంది. అరలు, పొట్లాలు, పచ్చ గాజు దీపం. దీపం కింద మాత్రం అప్పటికే ఇంకో కొత్త అమ్మాయి కూర్చొని, భూతద్దంతో చీటీ చదువుకుంటోంది.

"సర్దే పని ఆ పిల్లది," అంది కళ్లజోడు ఆవిడ. "పాపం, తన బయోడేటాలో ఫోన్ నంబరే లేదు. చిరునామాకి ముందే కార్డు రాశాను, గొడవ లేకుండా వచ్చేసింది. నీ పని ఇటు." పక్కనున్న చిన్న గది తలుపు తీసింది. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, బల్ల మీద నల్లటి ఫోన్.

పిట్ట కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి. "అయ్యో, నాకు మాట్లాడటం రాదండీ," అంది. కొత్త మనిషితో ఆమె అన్నవాటిలో అదే నిజమైన మొదటి మాట.

"మాట్లాడటం వచ్చినవాళ్లని ముగ్గురిని మార్చాను. ఇక్కడికి ఫోన్ చేసేవాళ్లకి పార్సిల్ అందలేదు. అరుస్తారు, ఏడుస్తారు, ఒక ముక్క అడిగితే పది చెబుతారు. వాళ్లకి కావలసింది మాటలు కాదు." ఆవిడ సంచీలోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మడతల దగ్గర అప్పుడే నలగడం మొదలైంది. "నలుగురు నాలుగు రకాలుగా చెబితే, ఒక్కరినీ కాదనకుండా, ఒక్కమాటా పోకుండా రాశావు. నీ గురించి రాసుకోవడానికి చోటు మిగుల్చుకోలేదు. అలాంటి మనిషి కోసమే చూస్తున్నాను. అనుభవం దగ్గర ఖాళీ వదిలావే, అక్కడ రాయాల్సింది అంతా పైనే ఉంది."

పిట్ట కాగితం వైపు చూసింది. పైనుంచి కింద దాకా ఇల్లంతా ఉంది అందులో. బాబాయి మెట్లెక్కే రెండు నిమిషాలు, పెదనాన్న బస్సు, పెద్దమ్మ పేరు, అక్క మిషన్లు, కళ్లు మూసుకొని దారి చెబుతున్న అమ్మమ్మ. ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుంది.

"ఇంకో సంగతి," అంది ఆవిడ గుమ్మంలో ఆగి. "ఎనిమిదిన్నర నుంచీ ఈ ఫోను మోగుతూనే ఉంది. ఎవరో ఒకరు, మా అమ్మాయి చేరిందా అండీ అని. నలుగురికి నేనే చెప్పాను. ఇక నువ్వు చెప్పుకో."

ఆవిడ బయటికి వెళ్లి, పిట్టను లోపలే ఉంచి తలుపు వేసేసింది. ఫోన్ మోగింది. ఆ గదికి వచ్చే ఫోన్లన్నీ చేరని వాటి గురించే. చేరిన పిట్ట గురించి అయిదోసారి అడగడానికి మాత్రం ఇంట్లోవాళ్ల దగ్గర సరైన నంబరుంది.